స్క్వాష్ చేస్తే బ్రాంచి కలిసిపోయినట్టేనా?

గిట్ అంటే కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనం. అందులో దాచిన ఒక్కో మార్పు కమిట్, విడిగా సాగే పని బ్రాంచి, అందరి పనీ చేరే ప్రధాన బ్రాంచి మెయిన్. ఒక బ్రాంచిని మెయిన్‌లో కలిపేటప్పుడు దాని కమిట్లన్నిటినీ ఒక్కటిగా కుదించడం స్క్వాష్. రెండింటి చరిత్రనూ జోడించే కమిట్ మెర్జ్ కమిట్.

అపోహ: స్క్వాష్ చేసినా, మెర్జ్ కమిట్ పెట్టినా ఒక్కటే. చరిత్ర కనిపించే తీరులోనే తేడా.

వాస్తవం: మెయిన్‌లోకి చేరే కోడ్ ఒక్కటే, నిజమే. గిట్ గుర్తుంచుకునేది మాత్రం వేరు. మెర్జ్ కమిట్‌కు రెండు పేరెంట్లు (దానికి ముందున్న కమిట్లు) ఉంటాయి, స్క్వాష్ కమిట్‌కు ఒక్కటే. అంటే ఆ బ్రాంచి మెయిన్‌లో కలిసిందన్న సంగతే గిట్‌కు తెలియదు. నాలుగు రోజుల్లో ముగిసి, కలపగానే తొలగించే బ్రాంచికి దీనివల్ల ఏ నష్టమూ లేదు. అక్కడ నేనూ స్క్వాషే వాడతాను. రిలీజ్, డెవలప్ వంటి బ్రాంచీలు కలిపాక కూడా బతికుంటాయి. వాటిని స్క్వాష్ చేస్తే, మరోసారి కలిపేటప్పుడు గిట్ అవి మొదట విడిపోయిన చోటి నుంచే పోలుస్తుంది. ఈలోగా అవే లైన్లను మళ్లీ మార్చి ఉంటే, మొన్న తీర్చిన కాన్‌ఫ్లిక్టే (ఒకే చోట రెండు వైపులా చేసిన మార్పుల గొడవే) మళ్లీ ఎదురవుతుంది.

నేను సలహా ఇవ్వడానికి వెళ్లిన ఒక బృందంలో రెండు వారాలకోసారి ఇదే తంతు. ఆ పని కొత్తగా చేరిన ఒక యువతి మీద పడింది. తనకు గిట్ రాదేమోనని ఆమె కుమిలిపోయేది. ఆమె తప్పు రవ్వంత కూడా లేదు. ఎవరో ఎక్కడో విన్న మాట పట్టుకుని సెట్టింగుల్లో స్క్వాష్ ఒక్కటే ఉంచి, మిగతావి ఆపేశారు. మెయిన్‌ను రిలీజ్‌లోకి ఒకసారి అసలైన మెర్జ్‌గా కలిపించాను. రిలీజ్‌ను మెయిన్‌లోకి కలిపేటప్పుడు ఇకపై మెర్జ్ కమిట్ తప్ప మరొకటి వద్దన్నాను. ఆ తర్వాత తీర్చినవే మళ్లీ తీర్చే బాధ ఆమెకు తప్పింది.

అపోహ: పెద్ద ప్రాజెక్టుల్లో మెర్జ్ కమిట్లు ఉండవు.

వాస్తవం: ఇలాంటి పుకార్లు మోసేవారు ఒక్కసారి లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె అయిన కెర్నల్ చరిత్ర తెరిచి చూడాలి. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ గిట్ రాసిందే ఆ కెర్నల్ కోసం. అందులో మెర్జ్ కమిట్లు వేలల్లో ఉన్నాయి.

అపోహ: మెర్జ్ కమిట్లుంటే బైసెక్ట్ (తప్పు ఏ కమిట్‌తో వచ్చిందో వెతికే గిట్ ఆదేశం) పనికిరాదు.

వాస్తవం: పనికొస్తుంది. గిట్ 2.29 నుంచి మొదటి పేరెంట్ దారినే, అంటే మెయిన్ వైపు కమిట్లనే, వెతికే వీలు కూడా ఉంది.

అపోహ: రీబేస్ చేస్తే (బ్రాంచి కమిట్లను వేరే చోటి నుంచి తిరిగి పేర్చితే) రాసినదంతా పోతుంది.

వాస్తవం: కంగారు పడకండి. కమిట్ చేసినది అంత తేలిగ్గా పోదు. ఏ బ్రాంచికీ అందని కమిట్ల జాడ కూడా, ఎవరూ సెట్టింగు మార్చకపోతే, మీ కంప్యూటర్‌లోని రెఫ్‌లాగ్‌లో (బ్రాంచీల కదలికలను గిట్ రాసుకునే చిట్టాలో) 30 రోజులు ఉంటుంది. అయినా భయం తీరకపోతే, రీబేస్‌కు ముందు అక్కడే ఇంకో పేరుతో బ్రాంచి పెట్టుకోండి. ఇతరులు కూడా పనిచేస్తున్న బ్రాంచి జోలికి మాత్రం, వారితో మాట్లాడకుండా, రీబేస్‌తో వెళ్లకండి.