పైన పేరున్న డాక్టర్ ఉంటే చాలా? ఐవీఎఫ్ పరికరాల కంపెనీలపై అపోహలు - వాస్తవాలు

ఐవీఎఫ్ (శరీరం బయట ల్యాబ్‌లో పిండాన్ని తయారుచేసే సంతాన చికిత్స) ల్యాబ్ పరికరాలు తయారుచేసే చోట నాది క్వాలిటీ పని. ఇంక్యుబేటర్ (పిండాలను వెచ్చగా ఉంచి పెంచే పెట్టె) కొనే ముందు కంపెనీని ఎవరు నడుపుతున్నారో ఆరా తీసేవాళ్లు ఈమధ్య పెరిగారు. మంచిదే. కాకపోతే చాలామంది చూడాల్సినవాళ్లను వదిలేసి ఇంకెవరినో చూస్తున్నారు.

అపోహ: బోర్డులో పెద్ద ఫెర్టిలిటీ డాక్టర్ ఉంటే పరికరం బాగున్నట్టే.

డాక్టర్ ఉండటం మంచిదే. కానీ రోజంతా ఇంక్యుబేటర్ మూత తీసి వేసేది ల్యాబ్‌లో పిండాలను చూసుకునే ఎంబ్రియాలజిస్ట్. తెర మీద 37.0 డిగ్రీలు అని కనబడేది సెన్సర్ ఉన్నచోటి వేడి మాత్రమే. పిండం ఉన్న ద్రవపు చుక్కలో ఎంతుందో ప్రోబ్ (వేడి కొలిచే సన్నని సాధనం) పెట్టి కొలిస్తేనే తెలుస్తుంది. మూత వేశాక లోపలి ఆక్సిజన్ మళ్లీ పిండానికి కావాల్సిన 5 శాతానికి దిగడానికి ఎంతసేపు పడుతుంది? ఈ ప్రశ్న ల్యాబ్‌లో నిలబడి పనిచేసినవాళ్లకే ముందు తోస్తుంది. కాబట్టి డిజైన్ విషయంలో మాట చెల్లే స్థానంలో ఎంబ్రియాలజిస్ట్ ఉన్నారా అని అడగండి. ఫొటో పెట్టుకుని ఏడాదికోసారి పిలిచే సలహాదారులు లెక్కలోకి రారు. (1978లో తొలి ఐవీఎఫ్ బిడ్డ పుట్టుక వెనుక ముగ్గురున్నారు. స్టెప్టో, ఎడ్వర్డ్స్ పేర్లే మార్మోగాయి. ల్యాబ్ పని చూసుకున్న జీన్ పర్డీని చాలాకాలం ఎవరూ తలచుకోలేదు.)

అపోహ: క్వాలిటీ హెడ్ అంటే ఫైళ్లు చూసుకునే మనిషి.

అసలు సంగతంతా ఇక్కడే ఉంది. కల్చర్ డిష్‌ల (పిండాలను పెంచే గిన్నెల) బ్యాచ్ బయటికి వెళ్లే ముందు ఎలుక పిండాలతో పరీక్షిస్తారు. ఒక కణం దశలో ఉన్నవాటిలో కనీసం 80 శాతం 96 గంటల్లో బ్లాస్టోసిస్ట్ (బాగా ఎదిగిన పిండం) దశకు చేరాలన్నది సాధారణంగా పాటించే హద్దు. క్వార్టర్ ముగుస్తోంది, ఆర్డర్లు సిద్ధంగా ఉన్నాయి, ఫలితం 76 వచ్చిందనుకోండి. "నాలుగు శాతమే కదా" అని సేల్స్ నుంచి ఫోన్ వస్తుంది. అప్పుడు "పంపను" అన్న మాట నిలబడుతుందా, లేక సీఈఓ గదిలో మారిపోతుందా? యూరప్ చట్టం దీన్ని ఊహించే రాసింది: నిబంధనల అమలుకు బాధ్యత వహించే వ్యక్తికి, ఆ పని సరిగ్గా చేసినందుకు కంపెనీలో ఏ నష్టమూ జరగకూడదు.

అపోహ: అమ్మాక వచ్చే సమస్యలు సర్వీస్ వాళ్లవి, పైవాళ్లవి కావు.

2018 మార్చిలో అమెరికాలో ఒకే వారాంతంలో క్లీవ్‌లాండ్‌లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఘనీభవించిన అండాలు, పిండాలు దాచిన ట్యాంకులు విఫలమయ్యాయి. క్లీవ్‌లాండ్‌లో 4,000కు పైగా పోయాయి. అక్కడ రిమోట్ అలారం ఆపేసి ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో కేసులో 2021లో జ్యూరీ 90 శాతం బాధ్యత ట్యాంకు తయారీ కంపెనీదే అంది. ట్యాంకు పరిస్థితిని గమనించే కంట్రోలర్‌లో లోపముందని తెలిసీ వెనక్కి పిలిపించలేదన్నది జ్యూరీ తేల్చిన మాట. వెనక్కి పిలిపించాలా వద్దా అన్నది టెక్నీషియన్ తీసుకునే నిర్ణయం కాదు.

అపోహ: ఖరీదైన మెషీన్ కొంటే గర్భం నిలిచే అవకాశం పెరుగుతుంది.

టైమ్‌ల్యాప్స్ ఇంక్యుబేటర్ల (లోపలే కెమెరాతో పిండం ఫొటోలు తీసేవాటి) వల్ల బిడ్డ పుట్టే శాతం పెరుగుతుందని ఇప్పటిదాకా గట్టిగా రుజువు కాలేదు. పని సులువవుతుంది, పిండాన్ని బయటికి తీయకుండా చూడొచ్చు. అంతకు మించి హామీ ఇచ్చే సీఈఓని నేనైతే నమ్మను.

డెమోకి వచ్చినవాళ్లను ఒకటే అడగండి: మీ దగ్గర చివరిసారి షిప్‌మెంట్ ఆపింది ఎవరు, ఎందుకు? పేరు అక్కర్లేదు, హోదా చెబితే చాలు. "మాకలాంటి అవసరమే రాలేదండీ" అంటే ఇంకో కంపెనీ కొటేషన్ కూడా తెప్పించుకోండి.