యూరోపియం అంటే రేడియేషన్ కాదు భయ్: మా ల్యాబ్‌ల రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

హన్మకొండల ఒక ల్యాబ్‌ల పుట్టిన పిల్లల థైరాయిడ్ స్క్రీనింగ్ చేస్త. మాది టైమ్ రిజాల్వ్డ్ ఫ్లోరోసెన్స్ పద్ధతి, అంటే హార్మోన్‌ను పట్టుకునే యాంటీబాడీ లాంటి వాటికి యూరోపియం అనే లోహాన్ని గుర్తుగ (లేబుల్) అంటించి, దాని వెలుగును కొలుస్తం. కొత్త ట్రైనీలు, అప్పుడప్పుడు డాక్టర్లు సుత అవే మాటలు అడుగుతున్నరు, ఒక్కతాన రాసి పెడితే నా గొంతు మిగులుతదని ఇది.

అపోహ: యూరోపియంల రేడియేషన్ ఉంటది.

యురేనియం లెక్క వినిపిస్తది కదా, అందుకేమో. నిజానికి ఉల్టా. ఎన్కట హార్మోన్ టెస్టులకు అయోడిన్-125 వాడేటోళ్లు, అది రేడియోధార్మికం, 60 రోజులకు సగమైపోతది, కిట్టు ఊకె పాతదైతది. ఆ బాధ తప్పించనీకే ఫిన్లాండ్‌ల తుర్కు అనే ఊర్ల ఈ పద్ధతి తయారు చేసిండ్రు, 1980ల ముచ్చట. మన పాత డబ్బా టీవీల ఎర్ర రంగు ఇచ్చింది సుత యూరోపియమే, దాని ముందట కూసొనే కదా అందరం పెరిగింది.

అపోహ: టైమ్ రిజాల్వ్డ్ అంటే టెస్టుకు టైమ్ ఎక్కువ పడుతది.

కొలిచేది వెలుగునే, కాకపోతే జరసేపు ఆగి కొలుస్తది. కాజీపేట స్టేషన్ల ఫోన్ మాట్లాడుతుంటే ఎక్స్‌ప్రెస్ దూసుకపోయిందనుకో, అది పోయేదాక ఆగి మళ్ల మాట్లాడుతం కదా, గంతే. మెషీన్ 340 నానోమీటర్ల యూవీ ఫ్లాష్ కొడితే సీరం, ప్లేటు ప్లాస్టిక్, రక్తపు చుక్కల కార్డు పేపరు నారలు అన్నీ మెరుస్తయ్, కానీ ఆ మెరుపు నానోసెకండ్లల్ల ఆరిపోతది. యూరోపియం మాత్రం దగ్గర దగ్గర ఒక మిల్లీసెకండ్ దాక వెలుగుతనే ఉంటది. అందుకే 400 మైక్రోసెకండ్లు ఆగి, తర్వాత 400 మైక్రోసెకండ్లు 615 నానోమీటర్ల దగ్గర ఎర్ర వెలుగును లెక్కపెడుతది, ఇట్ల సెకనుకు వెయ్యిసార్లు, ఒక్కో వెల్‌కు (ప్లేటుల ఉండే చిన్న గుంతకు) ఒక్క సెకనే. టైమ్ పట్టేది ఇంక్యుబేషన్‌కు (శాంపిల్, యాంటీబాడీలు అంటుకునేదాక ఆగుడుకు), మెషీన్‌కు కాదు.

అపోహ: ఆగి కొలుస్తది కాబట్టి బ్యాక్‌గ్రౌండ్ (అక్కరలేని వెలుగు) అసలే ఉండదు.

నేను సుత గట్లనే అనుకున్న, దెబ్బ తిన్న. చివర్ల వెలుగు పెంచే ఎన్‌హాన్స్‌మెంట్ సొల్యూషన్ పోస్తం, అది యాంటీబాడీకి అంటుకున్న యూరోపియంను ఊడదీసి, నీళ్లు తగలకుండ చుట్టూ కప్పుతది, ఎందుకంటే నీళ్లు తగిలితే దాని వెలుగు సచ్చిపోతది. ఒకరోజు యూరోపియం ట్రేసర్ (యూరోపియం అంటించిన ద్రవం) పోసిన ట్రేనే కడిగి, మంచిగనే కడిగిన అనుకొని, ఈ సొల్యూషన్‌కు వాడిన. హార్మోన్ లేని బ్లాంక్ వెల్స్‌ల సుత కౌంట్లు (మెషీన్ లెక్కపెట్టిన వెలుగు) ఎగిరినయ్, ప్లేటు మొత్తం చెత్తబుట్టల పడ్డది. మెషీన్ ఆగేది వేరే వెలుగు పోవడానికి, ట్రేకు అంటిన యూరోపియం సుత యూరోపియమే కదా, అది ఎంత ఆగినా పోదు. అప్పటిసంది ట్రే వేరు, పైపెట్ వేరు, ఎవరన్నా ముట్టుకుంటే లొల్లే.

అపోహ: కౌంట్ ఎక్కువుంటే హార్మోన్ ఎక్కువ.

టీఎస్‌హెచ్‌కు (థైరాయిడ్‌ను పని చేయించే హార్మోన్) అవును, అది సాండ్‌విచ్ టెస్టు, హార్మోన్ రెండు యాంటీబాడీల నడుమ ఇరుకుతది. మేం చేసే టీ4 (థైరాయిడ్ తయారు చేసే హార్మోన్) మాత్రం కాంపిటీటివ్, శాంపిల్‌ల హార్మోన్ యూరోపియం అంటించిన హార్మోన్‌తోని జాగకు పోటీ పడుతది, అందుకే హార్మోన్ పెరిగితే కౌంట్ తగ్గుతది. కర్వ్ (హార్మోన్‌కు కౌంట్ గీత) తలకిందులున్నదని మెషీన్ ఖరాబైందనుకోవద్దు.

అపోహ: నల్ల ప్లేటే వాడాలె.

మామూలు ఫ్లోరోసెన్స్‌కు సరే. ఇక్కడ ప్లేటు సొంత మెరుపు చాలామటుకు ముందే ఆరిపోతది కాబట్టి తెల్ల ప్లేటు సుత నడుస్తది, కిట్టుల ఏది రాస్తే అది వాడుండ్రి.

అపోహ: గింత మంచి మెషీన్ ఉంది, శాంపిల్ ఎట్లున్నా పర్వాలేదు.

దీనికే నాకు కోపమొస్తది. రక్తం గడ్డకట్టకుండ ఈడీటీఏ అనే రసాయనం వేసిన ట్యూబుల రక్తం పంపుతరు, ఈడీటీఏ అలవాటే లోహాలను పట్టుకునుడు, యూరోపియం లోహమే, లేబుల్ నుంచి గుంజుకుంటే కౌంట్ తప్పొస్తది. ఇగ మడిమె కాడ గుచ్చి రక్తపు చుక్కలు తీసే పేపరు కార్డులైతే, మే నెల ఎండల పెడితే జల్ది ఆరుతయని ఎవరో నేర్పిండ్రు. గట్ల చేయకుండ్రి. నీడల, పరిచిపెట్టి, 3-4 గంటలు ఆరనియ్యుండ్రి. పాడైన కార్డు వస్తే మేం చేసేదేం లేదు, బిడ్డకు మళ్ల గుచ్చుడే.