మెగ్నీషియం మూడో ఎలక్ట్రాన్‌ని ఎందుకు వదలదు?

మెగ్నీషియం పరమాణువులో 12 ఎలక్ట్రాన్లు ఉంటాయి. లోపలి కర్పరంలో 2, తర్వాతి దాంట్లో 8, అన్నిటికన్నా బయట 2. వీటిని ఒక్కొక్కటిగా ఊడబీకడానికి ఎంత శక్తి పడుతుందో కొలిచారు. మోల్‌కి (మోల్ అంటే పరమాణువుల్ని లెక్కపెట్టే ఒక పెద్ద కొలత) మొదటిదానికి 738 కిలోజౌళ్లు, రెండోదానికి 1451. మూడోదానికి ఏకంగా 7733!

బయటి రెండూ కేంద్రకానికి దూరంగా ఉంటాయి, పైగా మధ్యలో పది ఎలక్ట్రాన్లు అడ్డు. కేంద్రకం పట్టు వాటిమీద అంతంతమాత్రం. అవి పోయాక మూడోదాన్ని ఎనిమిది ఉన్న కర్పరం నుంచి లాగాలి, అక్కడ పట్టు ఉడుంపట్టు. ఎలక్ట్రాన్‌ది ఋణావేశం, ఒకటి పోతే పరమాణువు +1, రెండు పోతే +2. అందుకే మెగ్నీషియం +2 దగ్గర ఆగిపోతుంది. సోడియానికి ఆ గోడ ఒక ఎలక్ట్రాన్ తర్వాతే వస్తుంది (496 నుంచి 4562కి), అల్యూమినియానికి మూడింటి తర్వాత. అవతలి వైపున క్లోరిన్‌కి బయట 7 ఉన్నాయి, ఎనిమిది నిండడానికి ఇంకొక్కదానికే చోటుంది కాబట్టి -1. ఆక్సిజన్‌కి 6 ఉన్నాయి, -2. నైట్రోజన్‌కి 5, -3.

ఎనిమిది నిండితే పరమాణువుకి 'సుఖం', సోడియం తన ఎలక్ట్రాన్‌ని సంతోషంగా ఇచ్చేస్తుంది అని పాఠాల్లో చెబుతుంటారు. గుర్తుంచుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, నాకెప్పుడూ నచ్చలేదు. సోడియం ఏదీ ఊరికే ఇవ్వదు, 496 కిలోజౌళ్లు ఎవరో ఒకరు పెట్టుకోవాలి. క్లోరిన్ ఆ ఎలక్ట్రాన్‌ని తీసుకున్నప్పుడు వెలువడేది 349 మాత్రమే. లెక్క చూస్తే 147 లోటు. మరి ఉప్పు ఎలా ఏర్పడింది? ధన, ఋణ అయాన్లు (ఎలక్ట్రాన్లు పోయో వచ్చో ఆవేశం ఏర్పడిన పరమాణువులు) దగ్గరికొచ్చి స్ఫటికంగా పేర్చుకున్నప్పుడు దాదాపు 787 కిలోజౌళ్లు విడుదలవుతాయి. లోటు పూడ్చేది అదే. ఆక్సిజన్ సంగతైతే మరీ చోద్యం. దానికి రెండో ఎలక్ట్రాన్‌ని ఇవ్వాలంటే శక్తి ఎదురు పెట్టాలి. ఆ ఖర్చునీ స్ఫటికమే భరిస్తుంది. ఆవేశాలు పెద్దవైతే ఆకర్షణా పెద్దదే కాబట్టి మెగ్నీషియం రెండో ఎలక్ట్రాన్ ఖర్చు కూడా గిట్టుబాటవుతుంది. మూడోదాని 7733ని మాత్రం ఏ స్ఫటికమూ తీర్చలేదు.

ఆవేశాలు తెలిశాక ఫార్ములా పెద్ద పనేం కాదు, మొత్తం సున్నా కావాలి, అంతే. అల్యూమినియం +3, ఆక్సిజన్ -2. రెండు అల్యూమినియంలకు +6, మూడు ఆక్సిజన్లకు -6, సరిపోయింది. ఆవేశాల అంకెల్ని అటుదిటు, ఇటుదటు మార్చి రాసే చిట్కా ఉంది కదా, దాన్ని గుడ్డిగా నమ్మి ఒకసారి పరీక్షలో మెగ్నీషియం ఆక్సైడ్‌కి రెండు మెగ్నీషియంలు, రెండు ఆక్సిజన్లు రాశాను. మార్కు పోయింది, ఎందుకు పోయిందో చాలా రోజులకు గానీ బుర్రకెక్కలేదు.

అయానిక పదార్థంలో విడిగా 'ఒక అణువు' అంటూ ఉండదు. 1913లో బ్రాగ్ తండ్రీకొడుకులు ఎక్స్‌రేలతో చేసిన పరిశోధనల్లో తేలిందేమిటంటే, ఉప్పు స్ఫటికంలో ప్రతి సోడియం చుట్టూ 6 క్లోరిన్లు, ప్రతి క్లోరిన్ చుట్టూ 6 సోడియంలు. ఫలానా సోడియానికి జోడీ ఫలానా క్లోరిన్ అని చూపించలేం. ఫార్ములా చెప్పేది నిష్పత్తి. అందుకే రెండుకి రెండుని ఒకటికి ఒకటిగా కుదిస్తాం. కుదించకూడని చోటూ ఉంది. సోడియం పెరాక్సైడ్‌లో రెండు సోడియంలు, రెండు ఆక్సిజన్లు. అక్కడ ఆక్సిజన్లు రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని, కలిసి ఒకే అయాన్‌గా -2 ఆవేశం మోస్తాయి. వాటిని విడగొట్టి రాస్తే అది వేరే పదార్థమైపోతుంది.

బయటి ఎలక్ట్రాన్లు లెక్కపెట్టే ఈ పద్ధతి ఇనుము దగ్గర తడబడుతుంది. దాని అంకెలు 762, 1562, 2957. మెట్లే గానీ, రెండోదాని తర్వాత గోడలాంటిదేం లేదు. దాంతో ఇనుము ఒకచోట +2, ఇంకోచోట +3. క్లోరిన్‌తో కలిసినప్పుడు ఒకటికి రెండూ కావచ్చు, ఒకటికి మూడూ కావచ్చు. ఉత్త 'ఐరన్ క్లోరైడ్' అంటే ఏదో తెలియదు, ఫెర్రస్ (+2) అనో ఫెర్రిక్ (+3) అనో పేరులోనే చెప్పాలి.