మామ్మ కన్ను, మగ్గం మీద దారం

బరంపురం

చిరంజీవులైన మనవలకీ మనవరాళ్ళకీ తాత ఆశీస్సులు.

మొన్న ఫోనులో చిన్నది అడిగింది, "మామ్మకి కనిపిస్తోంది కదా తాతా, మళ్ళీ శుక్లం ఆపరేషన్ ఎందుకు?" అని. ఆ పూట సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. రెండు మాటల్లో తేలే సంగతి కాదు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు నా కన్ను సంగతి. నలభై ఏళ్ళు పట్టు మగ్గం మీద కూర్చున్నవాణ్ణి కదా, చేత్తో తడిమితే దారం ఎలాంటిదో తెలుస్తుంది. రంగు మాత్రం కంటితోనే తెలియాలి. ఆరేళ్ళ కిందట ఒక చీర అంచుకి నల్లదారం అనుకుని ముదురు నీలం కండె నాడెలో పెట్టాను. రెండు వేళ్ళ మందం నేసేశాను కూడా. మీ నాన్న వచ్చి, "ఇదేంటి నాన్నా, నీలం వేశావు" అనేదాకా నాకు తెలియలేదు. వాకిట్లోకి తీసుకెళ్ళి ఎండలో పట్టుకుని చూశాను. అప్పుడూ నా కంటికి నల్లగానే ఉంది.

నల్లగుడ్డు మధ్యలో కనుపాప ఉంటుంది. దాని వెనక శనగగింజంత కటకం, అంటే లెన్స్, ఉంటుంది, గాజులా తేటగా. దాని లోపలి కణాలు సన్నటి పోగులు. పడుగు దారాల్లా బారులు తీరి, పొర మీద పొరగా పరిచి ఉంటాయి. ఆ వరస అంత చక్కగా ఉండబట్టే వెలుగు అడ్డులేకుండా లోపలికి వెళుతుంది. అయితే ఈ పోగులు పాతవి పోయి కొత్తవి రావు. కటకం నడిమధ్యన ఉన్నవి మనం తల్లి కడుపులో ఉండగా తయారైనవే, చివరిదాకా అవే. వయసు మీద పడేకొద్దీ వాటిలోని ప్రొటీన్లు ఒకదానికొకటి అంటుకుని ఉండలు కడతాయి. పడుగు చిక్కుపడ్డట్టే. వెలుగు చెదిరిపోతుంది, కటకం పసుపు తిరిగి మసకబారుతుంది. ఇదే శుక్లం. మన వీధిలో ఒడియావాళ్ళు మోతియాబిందు అంటారు. పసుపు తిరిగిన కటకం నీలం వెలుగును ఆపేస్తుంది. నా నీలం దారం నల్లగా కనిపించింది అందుకే.

నేను సంపాదించే మనిషిని కాబట్టి ఇంట్లో అందరూ తొందరపడి నాకు ఆపరేషన్ చేయించారు. మీ మామ్మ మసకగా ఉందని చెప్పినప్పుడు మాత్రం నేను, "ఇంట్లోనే ఉంటావు కదా, వచ్చే ఏడు చూద్దాం" అన్నాను. ఆవిడా, "ఈ వయసులో నాకెందుకు, ఆ డబ్బు పిల్లల చదువుకి ఉంచండి" అంది. అలా రెండేళ్ళు గడిచిపోయాయి. ఆడవాళ్ళ కళ్ళ దగ్గరికి వచ్చేసరికి మన ఇళ్ళల్లో ఎప్పుడూ ఇంతే. ఆవిడ వద్దన్నా నేను వినకుండా తీసుకెళ్ళాల్సింది. తప్పు నాదే.

ఆ రెండేళ్ళలో ఏం జరిగిందో ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే తెలుస్తోంది. సాయంత్రాలు ఠాకురాణి గుడికి వెళ్ళడం మానేసింది. ఎదురుగా వచ్చే బండి దీపం చుట్టూ పెద్ద వలయం కనిపించి కళ్ళు చెదిరిపోయేవట. పక్కింటి వదిన పలకరిస్తే ఇంకెవరి పేరో పెట్టి పిలిచేది. మతిమరుపు వచ్చిందనుకున్నాం. మతిమరుపు కాదు, ముఖం సరిగ్గా కనిపించక. బీపీ బిళ్ళ, సుగర్ బిళ్ళ రెండూ తెల్లగానే ఉంటాయి. అట్ట మీద అక్షరాలు చదవలేక ఒకదాని బదులు ఇంకొకటి వేసుకునేది. ఒకరోజు ఒళ్ళంతా చెమటలు పట్టి కూలబడితే అప్పుడు తెలిసింది మాకు. చివరికి పెరటి మెట్టు అంచు కనిపించక పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు కట్టు. ఆ కట్టుతోనే కుడికంటి ఆపరేషన్‌కి వెళ్ళాం.

ఈ పడిపోవడం గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది ఊహ కాదు, పరీక్షించి చూసిన మాట. ఇంగ్లండులో నాటింగ్‌హామ్ డాక్టర్లు శుక్లాలున్న, డెబ్బై ఏళ్ళు దాటిన ఆడవాళ్ళని 306 మందిని తీసుకున్నారు. చీటీలు వేసినట్టు రెండు జట్లు చేసి ఒక జట్టుకి వెంటనే ఆపరేషన్ చేశారు, రెండో జట్టు మామూలుగా తమ వంతు వచ్చేదాకా, అంటే ఏడాదిదాకా, ఆగారు. వెంటనే చేయించుకున్నవాళ్ళు పడిపోవడం 34 శాతం తగ్గింది. ఎముకలు విరిగినవాళ్ళు ఈ జట్టులో 4, ఆగిన జట్టులో 12. ఆ ఫలితాలు 2005లో అచ్చయ్యాయి. అది చదివినప్పుడు నాకు మా పెరటి మెట్టే కళ్ళముందు మెదిలింది.

మెదడు సంగతి కూడా చెప్పాలి, అది మాత్రం కొంచెం జాగ్రత్తగా. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో 65 ఏళ్ళు దాటిన 3,038 మందిని ఏళ్ళ తరబడి గమనించారు. శుక్లం తీయించుకున్నవాళ్ళలో, పెద్దవయసులో జ్ఞాపకం, తెలివి సడలిపోయే డిమెన్షియా జబ్బు సుమారు 30 శాతం తక్కువగా వచ్చింది. కంటి నరం దెబ్బతిని చూపు పోయే గ్లాకోమా జబ్బుకి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో అలాంటి తేడా లేదు. ఆ ఆపరేషన్ ఉన్న చూపును కాపాడుతుందే గాని పోయిన చూపును తిరిగి తేదు. అయినా ఇది చీటీలు వేసి చేసిన పరీక్ష కాదు. మొదటినుంచీ కాస్త ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే ఆపరేషన్‌కి ముందుకొచ్చి ఉండొచ్చు. కాబట్టి ఆపరేషన్ మతిమరుపును ఆపేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ డిమెన్షియా ముప్పును పెంచేవాటిలో మనం సరిదిద్దుకోగలిగినవి 14 ఉన్నాయని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ చెప్పింది, పట్టించుకోని చూపు లోపాన్ని వాటిలో కొత్తగా చేర్చింది. మనుషుల ముఖాలు కనిపించక, బయటికి వెళ్ళక, పేపరు చదవక ఇంట్లో కూర్చున్న మనిషి మనసు ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను. నాకు అది నమ్మదగిన మాటగానే తోస్తుంది.

పెద్దవాడు అడిగాడు, కొత్త కటకం కంట్లో ఒరుసుకోదా అని. మంచి ప్రశ్న. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల్లో పైలట్ కూర్చునే చోట పైనుండే ప్లాస్టిక్ కప్పు పగిలి, ఆ ముక్కలు పైలట్ల కళ్ళలో దిగిపోయాయి. ఏళ్ళు గడిచినా అవి కంటికి హాని చేయకుండా ఉండిపోవడం హెరాల్డ్ రిడ్లీ అనే ఇంగ్లీషు డాక్టరు గమనించాడు. అదే జాతి ప్లాస్టిక్‌తో కటకం చేయించి 1949 నవంబరు 29న లండన్‌లో మొదటిసారి ఒక మనిషి కంట్లో పెట్టాడు. మా అమ్మకి చేసిన రోజుల్లో మన వైపు శిబిరాల్లో ఇంకా కటకం తీసేయడమే ఉండేది, పెట్టడం లేదు. సోడాబుడ్డి అద్దాలు ఇచ్చేవారు. అవి పెట్టుకుంటే అన్నీ దగ్గరగా, పెద్దవిగా కనిపించి, గ్లాసు అందుకోబోతే చెయ్యి గ్లాసు ఇవతలే ఆగిపోయేది. 1992లో మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రివాళ్ళు ఆరోల్యాబ్ పెట్టి కటకాలు చవగ్గా చేయడం మొదలుపెట్టారు. అవి మనలాంటివాళ్ళకి అందడంలో వాళ్ళ చెయ్యి చాలా ఉంది.

మామ్మకి పావుగంట పట్టింది. మత్తు కంటివరకే. రెండు మూడు మిల్లీమీటర్ల కోత పెట్టి, శబ్ద తరంగాలతో పాత కటకాన్ని పొడిచేసి పీల్చేసి, చుట్టిన కొత్త కటకాన్ని లోపలికి జారవిడిచారు. సిస్టర్ చుక్కల మందు వేళలు ఒడియాలో చెప్పి, "మావుసీ, ఇప్పుడు మీరు చెప్పండి" అంది. మామ్మ తెలుగులోనే ఒక్కటీ తప్పకుండా అప్పజెప్పింది. మర్నాడు పట్టీ తీశాక ముందు తన చీర కొంగు పట్టుకుని చూసుకుంది. "ఇది నీలమా! ఇన్నాళ్ళూ నలుపనుకుని కడుతున్నాను" అంది. నాకు నోట మాట రాలేదు.

శుక్లం బాగా ముదిరాకే తీయాలన్నది పాత మాట. మరీ ముదిరితే గట్టిపడి తీయడం కష్టమవుతుంది, కంట్లో ఒత్తిడి పెరిగే ప్రమాదమూ ఉంది. చుక్కల మందుతో శుక్లం కరగదు, ఎవరెంత చెప్పినా కొనకండి. ఆపరేషన్ తర్వాత నొప్పి పెరిగినా, ఎర్రబడినా, చూపు తగ్గినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలి, తెల్లవారేదాకా ఆగకూడదు. కొన్నాళ్ళకో కొన్నేళ్ళకో మళ్ళీ మసక వచ్చినా భయం లేదు. కటకం వెనక పొర మబ్బుపడితే లేజరుతో నిమిషాల్లో సరిచేస్తారు.

ఇక చిన్నదాని ప్రశ్నకి జవాబు. మామ్మకి కనిపిస్తున్నది కుడికన్నే. ఎడమ కంట్లో శుక్లం అలాగే ఉంది. రెండు కళ్ళూ సరిగ్గా కలిస్తేనే మెట్టు ఎంత లోతుందో తెలుస్తుంది. అందుకే వచ్చే బుధవారం వెళుతున్నాం, ఈసారి ఒక్క రోజు కూడా వాయిదా వేయను.

నాకో సాయం చేయండి. ఒక అట్ట మీద చుక్కల మందు వేళలు లావు అక్షరాలతో రాసి పంపండి. తెల్ల అట్ట మీద నల్ల సిరాతో రాయండి, నీలం వద్దు. సెలవులకి వచ్చినప్పుడు పక్కింటి వదినని కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి గోడ మీది క్యాలెండర్ తేదీలు చదవమనండి, తర్వాత రెండో కన్ను మూసి. ఆవిడ కూడా ఈమధ్య సాయంత్రాలు వాకిట్లోకి రావడం లేదు.

ఆశీస్సులతో,
మీ తాత