పార్వో కుక్కకు సెలైన్: ఎంత ఎక్కించాలన్న లెక్క ఎలా మారింది?

పార్వో అనే వైరస్ జబ్బు ముదిరి నీరసించిపోయిన కుక్కపిల్లకు డాక్టరు ముందుగా నరంలోకి సెలైన్ పెడతారు. ఇందులో వివాదం లేదు. ఎంత ఎక్కించాలి, ఎంత వేగంగా అన్నదాని మీదే అభిప్రాయాలు మారుతూ వచ్చాయి.

ఈ వైద్యం పుట్టింది కలరా రోజుల్లో. రోగుల రక్తంలో నీరు, ఉప్పు బాగా తగ్గిపోతున్నాయని 1831లో ఓషానెస్సీ అనే యువ డాక్టరు తేల్చాడు. మరుసటి ఏడాది స్కాట్లాండ్‌లోని లీత్‌లో థామస్ లట్టా నేరుగా నరంలోకి ఉప్పునీళ్లు ఎక్కించాడు. ఆయన మొదట ప్రయత్నించిన వృద్ధురాలు ఆశ్చర్యంగా తేరుకుంది. ఆయన అటు వెళ్లగానే విరేచనాలు మళ్లీ మొదలై కొన్ని గంటల్లోనే చనిపోయింది. పోయింది నింపితే చాలదు, ఇంకా పోతున్నదాన్నీ లెక్కలోకి తీసుకోవాలన్న సంగతి పార్వో వార్డులో ఈనాటికీ వర్తిస్తుంది. 1930లలో హార్ట్‌మన్ లాక్టేట్ కలిపి తయారుచేసిన ద్రావణానికి దగ్గరి బంధువే ఇప్పుడు నరంలోకి ఎక్కించే రింగర్ లాక్టేట్ అనే ద్రవం.

కుక్కల పార్వో 1978లో బయటపడి, రెండేళ్లలో ప్రపంచమంతా పాకింది. పిల్లుల్లో ఉండే ఇలాంటి వైరస్‌కు ఇది దగ్గరి చుట్టం. వేగంగా విభజన చెందే కణాలంటే దీనికి గురి: పేగు లోపలి పొర, ఎముక మజ్జ. పొర చెడితే వాంతులు, నెత్తుటి విరేచనాలు. మజ్జ దెబ్బతింటే తెల్లకణాలు పడిపోతాయి. కాపలా లేని సమయంలో పేగులోని బ్యాక్టీరియా రక్తంలోకి చేరుతుంది. దానికి ఒళ్లు అదుపు తప్పి స్పందించి అవయవాలు దెబ్బతినడమే సెప్సిస్.

అప్పట్లో షాక్‌కు, అంటే అవయవాలకు రక్తం చాలని స్థితికి, పాఠం సూటిగా ఉండేది: కిలోకు 90 మిల్లీలీటర్లు. అంటే కుక్క ఒంట్లో ఉండే మొత్తం రక్తమంత! ఐదు కిలోల కుక్కపిల్లకు 450 మి.లీ. మనుషుల వైద్యంలోనూ గాలి అటే వీచింది. సెప్సిస్‌లో మొదటి గంటల్లోనే దూకుడుగా ఎక్కిస్తే మరణాలు తగ్గాయని 2001లో అమెరికాలో ఒక ట్రయల్ చెప్పింది.

2011లో ఆఫ్రికా పిల్లలపై జరిగిన ఫీస్ట్ ట్రయల్ ఆ ధీమాను కదిలించింది. బోలస్ (ఒక్కసారిగా వేగంగా ఎక్కించే ద్రవం) ఇచ్చిన పిల్లల్లో 48 గంటల్లో సుమారు 10.5 శాతం మంది చనిపోతే, ఇవ్వనివాళ్లలో 7.3 శాతమే. సెప్సిస్‌లో రక్తనాళాల గోడలు లీకవుతాయి. ఎక్కించిన నీరు ఊపిరితిత్తుల్లోకి, పేగు గోడల్లోకి ఇంకిపోతుంది. ఆ మరుసటి ఏడాది సెలైన్‌కు బదులుగా ఎక్కించే స్టార్చ్ ద్రావణాలు కూడా సెప్సిస్ రోగుల కిడ్నీలకు చేటని తేలింది.

అయితే ఒక మెలిక ఉంది. విరేచనాలతో నీరు కోల్పోయిన పిల్లలను ఫీస్ట్‌లో చేర్చుకోలేదు. పార్వో కుక్కకు ఆ నష్టమూ ఉంది, నాళాల లీకూ ఉంది. కాబట్టి ‘సెలైన్ తగ్గించేయండి’ అన్న మాటను దానికి యథాతథంగా అంటగట్టడం నా దృష్టిలో తొందరపాటే. పైగా కుక్కల్లో అంత పెద్ద ట్రయల్స్ లేవు.

ఇప్పటి పద్ధతి మధ్యేమార్గం. కిలోకు 10 నుంచి 20 మి.లీ. పావుగంట, ఇరవై నిమిషాల్లో ఇచ్చి, ఆగి చూస్తారు: నాడి, గుండె వేగం, బీపీ, పళ్ల చిగుళ్లు నొక్కితే రంగు ఎంతసేపటికి తిరిగొస్తోంది అని. చాలకపోతే మళ్లీ అంతే. అప్పటికీ బీపీ లేవకపోతే ఇంకా నీళ్లు గుమ్మరించకుండా రక్తనాళాలను బిగించి బీపీ పెంచే నోరెపినెఫ్రిన్ మందు వైపు వెళ్తారు. రక్తంలో చక్కెర, పొటాషియం పడిపోతుంటాయి కాబట్టి వాటినీ చూసుకోవాలి.

రోజుల తరబడి అడ్మిట్ చేసే స్తోమత లేనివాళ్ల కోసం కొలరాడో స్టేట్ యూనివర్సిటీ చర్మం కింద ద్రవం ఇచ్చే పద్ధతిని 40 కుక్కల్లో పరీక్షించింది. 2017లో వచ్చిన ఫలితాల ప్రకారం వార్డులో 90 శాతం, ఈ పద్ధతిలో 80 శాతం బతికాయి. అక్కడ కూడా ముందు నరం ద్వారా ద్రవం ఎక్కించి, కుదుటపడ్డాకే చర్మం కిందికి మారారు.