రక్తం ఎక్కువైతే నవ్వెందుకొస్తుంది? గోర్ కామెడీపై అపోహలు, వాస్తవాలు

దెయ్యాల వేషాలతో జరుపుకునే హాలోవీన్ పండుగ, అంటే అక్టోబర్ 31, దగ్గర పడుతోందంటే నా ఫోన్‌కి రెండు రకాల మెసేజ్‌లు వస్తాయి. "హాలోవీన్ రాత్రికి ఒక సినిమా చెప్పు, రక్తం ఏరులై పారాలి, కానీ పడీపడీ నవ్వాలి" అని కొందరు. "అసలు అలాంటివి చూసి ఎలా నవ్వుతారు?" అని ఇంకొందరు. సినిమాల కోసం తెగిన చేతులు, పగిలిన తలలు, చిమ్మే రక్తం తయారు చేయడం నా పని. స్పెషల్ మేకప్ ఎఫెక్ట్స్ అంటాం. ఇలా రక్తపాతంతోనే నవ్వించే గోర్ కామెడీ అంటే నాకు ప్రాణం. అందుకే దాని గురించి తరచూ వినే మాటలకు, నాకు తెలిసినంతలో జవాబు చెప్పాలనిపించింది.

అపోహ: ఇందులో పనితనం ఏముంది? బకెట్ల కొద్దీ రక్తం గుమ్మరిస్తే సరి.

వాస్తవం: మామూలు హారర్ కంటే ఇక్కడే లెక్క ఎక్కువ. చెయ్యి తెగే సీన్ ఒకటి తీసుకోండి. నటుడి అసలు చేతిని మడిచి, చొక్కా లోపల వీపు వైపు కట్టేస్తాం. బయటికి కనిపించేది సిలికాన్ చెయ్యి. దాని లోపలి నుంచి సన్నటి ట్యూబ్ చంక కిందుగా, ప్యాంటు కాలులోంచి దిగి ఫ్రేమ్ బయటకు వస్తుంది. ఆ చివర పంపు పట్టుకుని నేల మీద పడుకుని ఉండేది నేను.

కత్తి పడగానే అర సెకను చిమ్మించి ఆపేస్తాను. నటుడు తన చేతి వంక చూసుకుంటాడు. ఎదురుగా ఉన్నవాళ్ళ వంక చూస్తాడు. వాళ్ళు కొయ్యబారిపోయి నిలబడతారు. ఇక అయిపోయిందిలే అనుకునేలోగా రెండో చిమ్ము, ఈసారి ఎదుటివాడి తెరిచిన నోట్లోకి. హాలు గొల్లుమనేది అప్పుడే. మొదటి చిమ్ము భయపెట్టడానికి. నవ్వు పుట్టేది మాత్రం ఆ మధ్యలోని నిశ్శబ్దంలో. ఆ గ్యాప్ తగ్గితే జనం ఉలిక్కిపడి ఊరుకుంటారు, ఎక్కువైతే సీన్ చల్లారిపోతుంది. పైగా ఎన్ని టేకులు కావాలంటే అన్ని తీసుకునే వీలుండదు. ప్రతి టేకుకీ చొక్కా మార్చాలి, గోడ కడగాలి, నటుడి మొహం మళ్ళీ మొదటికి తేవాలి.

మోతాదు సంగతీ అంతే. మనిషి ఒంట్లో ఉండేది సుమారు 5 లీటర్ల రక్తం. తెర మీద గాయం నుంచి నిజంగా కారేంత కారితే ప్రేక్షకుడికి కడుపులో తిప్పుతుంది. అదే రక్తం 5 లీటర్లు దాటి, పైకప్పుకి కొట్టి, ఎంతకీ ఆగకపోతే అది గాయం అన్న సంగతే మనసు వదిలేస్తుంది. అక్కడి నుంచి అది ఆట. పీటర్ జాక్సన్ 1992లో తీసిన 'బ్రెయిన్‌డెడ్'లో గడ్డి కోసే మెషీన్‌తో హీరో జాంబీల మీద పడే సీన్ దీనికి పాఠ్యపుస్తకం లాంటిది. ఆ క్లైమాక్స్‌కి 300 లీటర్ల దాకా నకిలీ రక్తం పట్టిందని మా రంగంలో చెప్పుకుంటారు. అదే దర్శకుడు తర్వాత తీసిన ఫాంటసీ సినిమాకి 11 ఆస్కార్లు వచ్చాయి. గోర్ కామెడీ చేతకానివాళ్ళు తీసేది అనేవాళ్ళకి నేను ఈ మాటే గుర్తు చేస్తాను.

అపోహ: రక్తం అంటే టమాటా సాసే కదా.

వాస్తవం: సాస్ కెమెరాకి సాస్ లాగే కనిపిస్తుంది. ముద్దలు ముద్దలుగా జారుతుంది, వెలుగు దాని గుండా పోదు. 1960లో హిచ్‌కాక్ 'సైకో' షవర్ సీన్‌లో చాక్లెట్ సిరప్ వాడారు. బ్లాక్ అండ్ వైట్ సినిమా కాబట్టి రంగుతో పని లేదు, చిక్కదనం కుదిరితే చాలు. రంగుల సినిమాకి డిక్ స్మిత్ అనే మేకప్ కళాకారుడు కార్న్ సిరప్‌లో, అంటే మొక్కజొన్న పాకంలో, ఫుడ్ కలర్లు కలిపి చేసిన ఫార్ములా మా అందరికీ పునాది. నేను ఎరుపు రంగు కలిపాక నీలం ఒక్క చుక్క వేస్తాను. అది లేకపోతే రక్తం షర్బత్‌లా ఉంటుంది. ఒక చెంచాడు తెల్ల గుడ్డ మీద పోసి, సెట్ లైటు కిందే చూస్తాను. అంచుల దగ్గర గులాబీ రంగు కనిపిస్తే ఇంకా కుదరనట్టు. చిమ్మించడానికైతే నీళ్ళు కలిపి పలచన చేయాలి, గాయంలో నిలవాలంటే చిక్కగా ఉంచాలి. నోట్లోకి వెళ్ళే రక్తం గిన్నె వేరు, దాని మూత మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. అందులో తినదగినవి తప్ప ఇంకేమీ పడకూడదు. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను.

ఇక విరిగే ఎముకల చప్పుడు చాలాసార్లు సెలరీ అనే ఆకుకూర కాడలు విరిచినప్పటిది.

అపోహ: హాలోవీన్ హారర్ అంటేనే రక్తపాతం.

వాస్తవం: 1978లో వచ్చిన జాన్ కార్పెంటర్ 'హాలోవీన్'లో రక్తం దాదాపు కనిపించదు. నెత్తురు, నవ్వు కలిసి నడిచిన దారి వేరే ఉంది, అది సినిమా కంటే పాతది. పారిస్‌లో గ్రాన్ గిన్యోల్ అనే చిన్న నాటకశాల 1897 నుంచి 1962 దాకా నడిచింది. ఒకే రాత్రి అక్కడ ఒక భయంకరమైన నాటిక, వెంటనే ఒక హాస్య నాటిక, మళ్ళీ భయం, ఇలా వరస మార్చి ఆడేవారు. నవ్వి వదులైన ప్రేక్షకుడు ఎక్కువ భయపడతాడనీ, భయపడి బిగుసుకున్నవాడు ఎక్కువ నవ్వుతాడనీ వాళ్ళకి అప్పుడే తెలుసు.

అపోహ: ఇవి చూసి నవ్వేవాళ్ళకి జాలి, దయ ఉండవు.

వాస్తవం: ఈ మాట నన్ను నిజంగా బాధపెడుతుంది. రోజంతా తెగిన వేళ్ళకి రంగులు వేసే నేను రక్తపరీక్షకి వెళ్తే సూది వంక చూడలేను. ప్రమాదాల వీడియోలు ఎవరైనా పంపితే తెరవకుండానే తీసేస్తాను. తెర మీద నవ్వగలిగేది అక్కడ ఎవరికీ నొప్పి లేదని తెలుసు కాబట్టే. ఆ భరోసా ప్రేక్షకుడికి ఇవ్వడం కూడా మా పనే. రక్తం రంగు కాస్త కాంతివంతంగా ఉంచడం, తెగిన తలకి కూడా మొహంలో ఆశ్చర్యం చెక్కడం, ఇవన్నీ అందుకే. 1987 నాటి 'ఈవిల్ డెడ్ 2'లో ఎరుపుతో పాటు ఆకుపచ్చ, నల్ల రంగు ద్రవాలు కూడా చిమ్ముతాయి. సెన్సార్ రేటింగ్ భయం దానికి ఒక కారణం. కానీ ఆ రంగుల వల్లే ఆ సినిమా మరింత కార్టూన్‌లా అయింది.

అలాగని అందరికీ నచ్చి తీరాలని లేదు. పక్కవాళ్ళు కళ్ళు మూసుకుంటే ఆటపట్టించకండి, చెయ్యి పట్టుకుని బలవంతంగా చూపించకండి. పిల్లలుంటే రేటింగ్ చూసి మరీ పెట్టండి.

అపోహ: కంప్యూటర్ గ్రాఫిక్స్ వచ్చాక ఈ సిరప్, సిలికాన్ అంతా దండగ.

వాస్తవం: ట్యూబ్ కనిపిస్తే చెరిపేయడానికి నేనూ గ్రాఫిక్స్ వాళ్ళనే అడుగుతాను. కానీ చల్లటి సిరప్ మొహాన ఫెళ్ళున కొట్టినప్పుడు నటుడు తుళ్ళిపడే తీరు, కనురెప్పలు అతుక్కుపోయి విప్పడానికి పడే తంటా, తర్వాత ఎవరూ గీసి పెట్టలేరు. కామెడీలో మనం నవ్వేది సగం ఆ మొహం చూసే.

ఈసారి నలుగురితో కలిసి చూడండి, ఒకరి నవ్వు ఇంకొకరికి అంటుకుంటుంది. అదే సినిమా రెండోసారి చూసే ఓపిక ఉంటే, చెయ్యి తెగే ముందు నటుడి భుజం గమనించండి, ఒకవైపు కాస్త ఎత్తుగా ఉంటుంది. రక్తం చిమ్మే క్షణంలో ఫ్రేమ్ కింది అంచు వైపు చూడండి. ఆ అంచుకి కాస్త దిగువన ఎవరో ఒకరు పంపు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, మనసులో అంకెలు లెక్కపెడుతూ ఉంటారు.