కోతులు ఏ అడవికి వాపసు పోవాలి?

పంచాయతీ ఎన్నికలు వచ్చాయంటే వరంగల్ చుట్టుపక్కల పల్లెల్లో కోతుల మాట రాకుండా ప్రచారం ముగియదు. సీసీ రోడ్డు వేయిస్తాం, మురుగుకాలువ తీయిస్తాం, కోతులను ఊరు దాటిస్తాం. గెలిచాక కొందరు మాట నిలబెట్టుకుంటారు కూడా. కోతులు పట్టేవాళ్ళను పిలిపించి, తలకు ఇంత అని బేరం కుదుర్చుకుని, బోనుల్లో పట్టి, వ్యానుకెక్కించి, ఏటూరునాగారం వైపో పాకాల వైపో అడవి అంచున వదిలి వస్తారు. ఊరు కొన్నాళ్ళు ఊపిరి పీల్చుకుంటుంది. ఈలోగా వదిలిన చోటికి దగ్గరున్న పల్లెలో ఇంటి పెంకులు లేవడం మొదలవుతుంది. ఖాళీ అయిన ఊళ్ళోకి ఇంకో గుంపు దిగుతుంది.

ఈ తతంగమంతా ఒక నమ్మకం మీద నడుస్తోంది. కోతి అడవిది, అక్కడ తిండి దొరక్క ఊళ్ళోకి వచ్చింది, తిరిగి పంపితే సరిపోతుంది. 2015లో తెలంగాణ ప్రభుత్వం మొక్కలు నాటే హరితహారం మొదలైనప్పుడు వానలు వాపసు రావాలి, కోతులు వాపసు పోవాలి అన్న నినాదం జనానికి అంత తొందరగా పట్టిందంటే ఈ నమ్మకం వల్లే. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ హనుమకొండ వీధుల్లో ఈరోజు తిరిగే కోతుల్లో చాలావాటికి అడవితో పరిచయమే లేదు. అవి పుట్టింది ఇక్కడ, వాటి తల్లులు పుట్టింది ఇక్కడ. తిండి సంపాదించడం అవి నేర్చుకున్నది కూడా మన డాబాల మీదే.

అసలు మనం కోతి అని ఒకే పేరుతో పిలిచేవి రెండు జాతులు. (కొండముచ్చు సంగతి వేరు, దాన్ని ఇక్కడ కలపడం లేదు.) ఒకటి బానెట్ కోతి. నడినెత్తిన వెంట్రుకలు సుడి తిరిగి టోపీ పెట్టినట్టు కనిపిస్తుంది, తోక ఒంటికన్నా పొడవు. ఇది దక్షిణ భారతదేశంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా లేదు. రెండోది రీసస్ కోతి. తోక పొట్టి, నడుము కింది భాగం ఎర్రమట్టి రంగు, జతకట్టే కాలంలో ముఖం, పిరుదులు ఎర్రబారతాయి. అఫ్గానిస్తాన్ నుంచి చైనా దాకా విస్తరించిన జాతి ఇది.

పాత జంతుశాస్త్ర గ్రంథాల్లో ఈ రెంటి మధ్య హద్దు పడమట తపతి, తూర్పున గోదావరి. నదికి ఉత్తరాన రీసస్, దక్షిణాన బానెట్. బాసర, మంచిర్యాల, కాళేశ్వరం, ఏటూరునాగారం మీదుగా సాగే గోదావరే హద్దు కాబట్టి, ఆ గీత ఉత్తర తెలంగాణ నడుమ నుంచే పోతుంది. ఇప్పుడు ఆ గీత చెరిగిపోయింది. సింధు రాధాకృష్ణ, అనింద్య సిన్హా తదితరులు 2011లో ప్రచురించిన పరిశోధన రీసస్ కోతులు గోదావరి దాటి దక్షిణానికి చాలా దూరం వచ్చాయనీ, ఆ మేరకు బానెట్ కోతులు తమ చోటు కోల్పోతున్నాయనీ చూపింది. రెండు జాతులూ కలిసి తిరిగే గుంపులు కూడా వాళ్ళకు కనిపించాయి. బానెట్ కోతి ఇప్పుడు అంతర్జాతీయ జాబితాలో ముప్పు ఉన్న జాతి. ఊళ్ళో కోతుల బెడద పెరుగుతుండగానే ఒక కోతి జాతి తరిగిపోతోందంటే మన రైతులు నమ్మరు, నమ్మకపోవడంలో వారి తప్పూ లేదు.

రీసస్ ఎందుకంత బలపడింది? దీనికి సగం జవాబు అమెరికా ప్రయోగశాలల్లో ఉంది. పోలియో టీకాకు వైరస్‌ను పెంచడానికి రీసస్ కోతి మూత్రపిండాల కణాలు వాడేవారు. 1955లో సాక్ టీకా బయటికి వచ్చాక గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. 1950ల చివర్లో మన దేశం నుంచి ఏటా లక్షకు మించి కోతులు ఓడల్లో, విమానాల్లో ఎగుమతి అయ్యేవి. ఉత్తరాదిలో వాటి సంఖ్య దారుణంగా పడిపోయింది. చివరికి మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం 1978లో ఎగుమతిని నిషేధించింది. ఆ తర్వాతి రెండు దశాబ్దాల్లో ఉత్తరాదిలో రీసస్ మళ్ళీ కోలుకుంది. దక్షిణానికి అది విస్తరించడానికి ఈ నిషేధమే కారణమని నేననను. రోడ్లు, వంతెనలు, ఒక ఊళ్ళో పట్టి మరో జిల్లాలో వదిలే అలవాటు, ఇవన్నీ కలిశాయి.

ఆ ఎగుమతుల కాలంలోనే 1959-60లో చార్లెస్ సౌత్‌విక్, ఆయన సహచరులు ఉత్తరప్రదేశ్‌లో రీసస్ కోతులను లెక్కపెట్టారు. వాళ్ళకు ఎక్కువ కోతులు దొరికింది అడవుల్లో కాదు. పల్లెల్లో, పట్టణాల్లో, గుళ్ళ దగ్గర, రోడ్ల పక్కన, రైల్వే స్టేషన్లలో. అడవిలో ఉన్నవి చాలా కొద్ది భాగం. అంటే అరవై ఏళ్ళ కిందటే ఈ జాతి మనుషుల పొత్తులో బతికే జాతి. దాన్ని అడవికి పంపడమంటే పుట్టింటికి పంపడం కాదు.

ఇక ఈ కోతుల సంసారం ఎలా ఉంటుందన్నది తెలియనిదే బోను ఎందుకు పనిచేయదో అర్థం కాదు. 1938లో క్లారెన్స్ కార్పెంటర్ అనే శాస్త్రవేత్త మన దేశంలో పట్టిన 409 రీసస్ కోతులను ప్యుయర్టోరికో దగ్గరి కాయో శాంటియాగో అనే చిన్న దీవిలో వదిలాడు. వాటి సంతతి ఇప్పటికీ అక్కడే ఉంది. ప్రతి కోతికీ గుర్తు ఉంటుంది, ఎవరి తల్లి ఎవరో పుస్తకంలో ఉంటుంది. రీసస్ సమాజం గురించి మనకు తెలిసిన దానిలో పెద్ద భాగం ఆ దీవి చలవే.

అక్కడ తేలినదేమిటంటే, గుంపుకు వెన్నెముక ఆడకోతులు. కూతుళ్ళు పుట్టిన గుంపులోనే జీవితాంతం ఉంటారు, కొడుకులు ఈడు రాగానే, నాలుగైదేళ్ళకు, గుంపు విడిచి మరో గుంపులో చోటు వెతుక్కుంటారు. మనకు అత్తవారింటికి వెళ్ళేది ఆడపిల్ల, వాళ్ళకు మగపిల్లవాడు. దీనివల్ల దగ్గరి రక్తసంబంధీకులు జతకట్టడం తప్పుతుంది. తల్లి హోదా కూతుళ్ళకు వస్తుంది. అక్కచెల్లెళ్ళలో పైచేయి సాధారణంగా చిన్నదానిది, ఎందుకంటే తగవు వచ్చినప్పుడు తల్లి చిన్నదాని పక్షం వహిస్తుంది. జతకట్టే కాలంలో ఆడకోతి ఒక్క మగదానికి కట్టుబడి ఉండదు, కొత్తగా వచ్చిన మగకోతులపై మొగ్గు కూడా ఎక్కువే. గర్భం అయిదున్నర నెలలు, కాన్పుకు ఒకే పిల్ల. తిండి కష్టమైన అడవిలో రెండేళ్ళకోసారి ఈనే కోతి, తిండి చేతికందితే ఏటా ఈనుతుంది.

కొత్త ప్రాంతంలోకి ముందుగా వచ్చేది ఇల్లు వదిలిన మగకోతి అన్నది దీన్నిబట్టి తెలుస్తుంది. అది బానెట్ గుంపులో చేరితే మిశ్రమ గుంపు తయారవుతుంది. బానెట్ కోతులు కాస్త సాధు స్వభావం గలవి. మగవి సైతం ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చుంటాయి, పేలు చూసుకుంటాయి. రీసస్ సమాజంలో హోదా పట్టింపు, కరవడం ఎక్కువ. ఈ రెండూ ఒక గుడి ఆవరణలో పోటీపడితే ఫలితం ఊహించవచ్చు.

నేర్చుకోవడం సంగతికి వస్తే, జపాన్‌లోని కోషిమా దీవి కథ చెప్పకుండా ముందుకు పోలేం. 1952లో పరిశోధకులు అక్కడి కోతులను దగ్గరికి రప్పించడానికి ఇసుక ఒడ్డున చిలగడదుంపలు వేయడం మొదలుపెట్టారు. 1953లో ఇమో అని పేరుపెట్టిన ఏడాదిన్నర పిల్లకోతి దుంపను నీళ్ళలో కడిగి ఇసుక పోగొట్టి తినడం సత్సుయే మితో అనే స్థానిక ఉపాధ్యాయురాలి కంటపడింది. ఇమో నుంచి తోటి పిల్లలు నేర్చుకున్నాయి, తర్వాత తల్లులు. పదేళ్ళు తిరిగేసరికి రెండేళ్ళు దాటినవాటిలో నాలుగింట మూడు వంతులు దుంపలు కడుగుతున్నాయి. ఎప్పటికీ నేర్చుకోనివి ఎక్కువగా ముదురు మగకోతులే. ఈ కథను కోతుల తెలివికి సాక్ష్యంగా చెబుతారు. నాకు అందులో ముఖ్యంగా తోచేది మరొకటి: ఆ కొత్త విద్యకు అవకాశం కల్పించింది ఒడ్డున దుంపలు వేసిన మనుషులు.

బండీపూర్‌లో బానెట్ కోతులు పర్యాటకుల వైపు చేయి చాచి, మెత్తగా కూత పెట్టి తిండి అడగడాన్ని 2018లో ప్రచురితమైన ఒక అధ్యయనం నమోదు చేసింది. ఎదుటి మనిషి తమవైపు చూస్తున్నాడో లేదో గమనించి మరీ అడుగుతాయట. కొండగట్టు అంజన్న గుడికి వెళ్ళినవారికి, భద్రకాళి గుడి మెట్ల దగ్గర కొబ్బరిచిప్ప పోగొట్టుకున్నవారికి దీనికి శాస్త్రవేత్తల సాక్ష్యం అక్కర్లేదు. పిల్లకోతి తల్లి మూతి వాసన చూసి ఏది తినదగినదో తెలుసుకుంటుంది. తునికి ఎప్పుడు పండుతుందో, మేడి ఎక్కడుందో అడవి తల్లి నేర్పుతుంది. ఊరి తల్లి ఫ్రిజ్ తలుపు, పాలిథిన్ సంచి, మంగళవారం అరటిపండ్లు నేర్పుతుంది. రెండోదాని పిల్లను తీసుకెళ్ళి ములుగు అడవిలో వదిలితే అది తనకు తెలిసిన చదువు పనికొచ్చే చోటికే, అంటే దగ్గరి ఊరికే వస్తుంది.

అడవికీ ఊరికీ నడుమ అడ్డుగా ఉన్న నేల కూడా ఈ నలభై ఏళ్ళలో పోయింది. వరంగల్ జిల్లా 1980ల నుంచి పత్తివైపు తిరిగింది. అంతకుముందు జొన్నచేనులో మంచె ఉండేది, మంచె మీద వడిసెలతో ఒక పిల్లవాడో ముసలాయనో ఉండేవారు. ఇప్పుడు మంచె లేదు. పిల్లలు బడిలో ఉన్నారు, ఉండాలి కూడా. కరీంనగర్ గుట్టలు గ్రానైటు పలకలై ఎగుమతి అయ్యాయి. రోడ్ల విస్తరణలో మర్రులు, రావులు పోయాయి. మైసూరు ప్రాంతంలో దారి పక్క మర్రిచెట్లు పోగానే వాటిమీద బతికిన బానెట్ గుంపులు తగ్గిపోయాయని అక్కడి దీర్ఘకాల అధ్యయనాలు చెప్పాయి. కోతుల భయంతో మక్క, పల్లి, కూరగాయలు మానేసిన రైతు మళ్ళీ పత్తీ వరీ వేస్తున్నాడు. పెరట్లో సొరపాదు పెట్టుకునే ధైర్యం కూడా చాలా ఊళ్ళలో పోయింది.

ప్రభుత్వం చేసినవి లేకపోలేదు. పండ్ల మొక్కలతో మంకీ ఫుడ్ కోర్టులు పెట్టారు. 2020 డిసెంబరులో నిర్మల్ దగ్గరి చించోలి వద్ద కోతుల సంరక్షణ కేంద్రం తెరిచారు, అక్కడ సంతాన నిరోధక శస్త్రచికిత్సలు చేస్తారు. హిమాచల్‌ప్రదేశ్ ఈ పని 2007 ప్రాంతంలోనే మొదలుపెట్టి లక్షకు మించి కోతులకు ఆపరేషన్లు చేసింది. అయినా 2016లో సిమ్లాలో రీసస్‌ను హానికర జంతువుగా ప్రకటించవలసి వచ్చింది. ఇక 2022 సవరణతో వన్యప్రాణి చట్టం రక్షిత జాబితాల నుంచి రీసస్ బయటికి వచ్చింది.

ఆపరేషన్ పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది, దాన్ని ఎవరూ బహిరంగంగా ఒప్పుకోరు. మగకోతులకు ఎన్ని చేసినా గుంపులో ఒక్కటి మిగిలితే చాలు, కాబట్టి ఆడవాటికే చేయాలి. చేసినవాటిని పట్టిన చోటే, వాటి గుంపులోనే వదలాలి. లేకపోతే ఆ ఖాళీలోకి ఆపరేషన్ లేని గుంపు వస్తుంది. కానీ పట్టుకుపోయిన కోతిని తిరిగి తెచ్చి ఊళ్ళో వదులుతామంటే ఏ సర్పంచి ఒప్పుకుంటాడు? అందుకే ఆచరణలో అటు ఆపరేషనూ సగమే, ఇటు తరలింపూ సగమే. బోనులో ముందుగా పడేవి పిల్లలూ కుర్రకోతులూ. అది చూసిన పెద్ద ఆడకోతులు బోను దరికి రావు, మరుసటి ఏడు పిల్లల్ని వెంటేసుకుని కనిపించేవి అవే.

బోనులో పడ్డది రీససా బానెటా అని చూసేవాళ్ళు మాత్రం చాలా తక్కువ. పట్టేవాడికి తలకింత కూలి, ఊరికి పీడ విరగడ. చట్టం దృష్టిలో మాత్రం అవి ఇప్పుడు ఒకటి కావు. తోక పొడవు చూసి కాగితం మీద రాసుకోవడానికి అయ్యే ఖర్చేమీ లేదు. నిర్మల్ కేంద్రానికి పంపే ప్రతి పంచాయతీ ఆ ఒక్క వివరం రాసి పంపినా, గోదావరికి ఇవతల బానెట్ గుంపులు ఇంకా ఏ ఊళ్ళలో మిగిలాయో ఒక ఏడాదిలో తెలిసిపోతుంది.